ప్రశ్నలు అడిగేవారికి చలికాలపు బెంగుళూరు



ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉంటారు. ఇంట్లో గడియారం ఆగిపోతే దాన్ని విప్పి చూడందే నిద్రపోరు. పొట్లం కట్టిన కాగితం కనిపించినా చదివేదాకా వదలరు. రాత్రి మిద్దె మీద పడుకుని, ఆ చుక్క ఎర్రగా ఎందుకుంది, ఈ చుక్క తెల్లగా ఎందుకుంది అని పక్కవాళ్ళను వేధిస్తారు. వాళ్ళను చూసి మనం "వాడికి మిషన్ల పిచ్చి", "ఆ పిల్లకు పుస్తకాల పిచ్చి" అని నవ్వి ఊరుకుంటాం. ఈ రోజు ప్రసంగం వాళ్ళ కోసం, వాళ్ళను కన్న తల్లిదండ్రుల కోసం.

కోలారు, చింతామణి, బాగేపల్లి, పావగడ, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువారికి బెంగుళూరు కొత్త ఊరేమీ కాదు. ఆస్పత్రికనో, కోర్టు పనికనో, పెళ్ళి చీరలకనో ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్ళివస్తూనే ఉంటాం. కాని అదే నగరంలో, కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా, తెలుసుకోవాలనే కోరిక ఉన్నవారికి ఎన్నో ముచ్చటలు జరుగుతాయని చాలామందికి తెలియదు. వాటిని నెలల వరుసలో చెప్పుకుందాం.

ముందుగా, చలికాలమే ఎందుకు? బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పైకి పోయే కొద్దీ గాలి చల్లబడుతుంది. కిలోమీటరు ఎత్తుకు ఇంచుమించు ఆరు డిగ్రీల లెక్క. అందుకే మద్రాసులో చెమట పట్టే రోజున కూడా బెంగుళూరులో తిరగవచ్చు. 1884 జనవరి 13న అక్కడ 7.8 డిగ్రీల చలి నమోదైంది. డిసెంబరులో ఈశాన్య రుతుపవనాల జోరు తగ్గాక ఆకాశం తేటబడుతుంది, గాలిలో తేమ తగ్గుతుంది. పగలు నడవడానికీ, రాత్రి చుక్కలు చూడడానికీ ఇంతకంటె మంచి కాలం లేదు.

కార్తీకంతో మొదలుపెడదాం. ఆ మాసంలో చివరి సోమవారం బసవనగుడిలో, దొడ్డ బసవన్న గుడి దగ్గర, కడలెకాయి పరిషె జరుగుతుంది. అంటే మన శెనక్కాయల తిరునాళ్ళు. కర్ణాటక పల్లెల నుంచే కాక ఆంధ్ర నుంచి, తమిళనాడు నుంచి కూడా రైతులు, వ్యాపారులు వచ్చి రోడ్డు పొడవునా కుప్పలు పోస్తారు. ఆ సందడిలో తెలుగు మాట చెవిన పడకుండా పది అడుగులు వేయలేం. శెనక్కాయలు కొనుక్కుని తినడం ఎలాగూ ఉంది. తింటూ ఒక్క ప్రశ్న వేసుకోండి. పువ్వు నేల పైన పూస్తుంది కదా, కాయ నేల లోపల ఎలా కాస్తుంది?

రైతుకు దీని జవాబు సగం తెలుసు. "ఊడలు దిగినాయి" అంటాడు. పువ్వు ఫలదీకరణం చెందాక దాని అడుగున ఒక సన్నని ఊడ పుట్టి, కిందికి వంగి, మట్టిలోకి దిగుతుంది. ఆ ఊడ కొసన, చీకటిలో, కాయ ఊరుతుంది. ఇంకో విశేషం, ఆ కాయకు కావలసిన సున్నపు ధాతువు, అంటే కాల్షియం, వేరు నుంచి దండిగా అందదు. కాయే చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకుంటుంది. ఊడలు దిగే సమయంలో వ్యవసాయాధికారులు జిప్సం వేయమని చెప్పేది అందుకే. ఈ మాట తెలిసిన పిల్లవాడికి తిరునాళ్ళు ఒక పాఠశాల అవుతుంది. తెలియనివాడికి అది గింజల కుప్ప.

ఇక మార్గశిరం, అంటే డిసెంబరు. ఇది ఆకాశం చూసే నెల. పొద్దుగూకిన రెండు మూడు గంటలకు తూర్పున చూడండి. వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. మన పల్లెల్లో పెద్దవాళ్ళు గొల్లకావడి అంటారు. ఆ కావడికి ఒకవైపు ఎర్రగా మెరిసేది ఆరుద్ర. కాస్త పైన పడమటివైపు ఉన్న నారింజ రంగు చుక్క రోహిణి. ఇంకా పైన గుంపుగా కనిపించేవి కృత్తికలు. వాటినే పిల్లలకోడి అంటాం. కావడి గీతను కిందికి పొడిగిస్తే తళతళలాడే తెల్లని నక్షత్రం వస్తుంది. ఇంగ్లీషులో దాన్ని సిరియస్ అంటారు. రాత్రి ఆకాశంలో అన్నిటికంటె కాంతిమంతమైన నక్షత్రం అదే. దాని వెలుగు మనల్ని చేరడానికి ఎనిమిదిన్నర ఏళ్ళకు పైగా పడుతుంది. మూడో తరగతి పిల్లవాడికి దాన్ని చూపించి, "ఇప్పుడు నీ కంట్లో పడిన వెలుతురు నువ్వు పుట్టినప్పుడు అక్కడ బయలుదేరింది" అని చెప్పి చూడండి. వాడు ఆ రాత్రి మరచిపోడు.

మన నెలల పేర్లలోనూ ఆకాశమే ఉంది. పున్నమినాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటే కార్తీకం, మృగశిర దగ్గర ఉంటే మార్గశిరం. పంచాంగం ఇంట్లో ఉన్నవారందరి దగ్గరా ఆకాశపు పటం సగం ఉన్నట్టే.

డిసెంబరు 13, 14 తేదీల రాత్రి మిథునరాశి వైపు నుంచి ఉల్కలు రాలుతాయి. వీటిని జెమినిడ్లు అంటారు. ఫేథాన్ అనే చిన్న గ్రహశకలం తన దారిలో వదిలిన ధూళిలోకి భూమి ఏటా అదే తేదీలకు వస్తుంది. ఆ రేణువులు మన గాలిలో దూసుకుపోతూ మండుతాయి. ఇది చూడడానికి బెంగుళూరు పోనక్కరలేదు. పైగా పోకూడదు. నగరంలో దీపాల వెలుతురు చుక్కలను మింగేస్తుంది. పావగడ దగ్గరి పొలం గట్టు దీనికి బెంగుళూరు కంటె గొప్ప స్థలం. దుప్పటి కప్పుకుని అర్ధరాత్రి దాటాక వెల్లకిలా పడుకుంటే చాలు. ఆ ఏడు వెన్నెల ఉంటుందా, చీకటి ఉంటుందా అన్నది పంచాంగంలో తిథి చూసి ముందే తెలుసుకోవచ్చు.

మరి ఆకాశం కోసం నగరానికి ఎందుకు పోవాలి? చూసినదాన్ని అర్థం చేసుకోవడానికి. హైగ్రౌండ్స్ దగ్గర 1989లో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటేరియం ఉంది. గోళాకారపు కప్పు కింద వెనక్కి వాలి కూర్చుంటే, రాత్రంతా జరిగే నక్షత్రాల ప్రయాణాన్ని కొద్ది నిమిషాలలో చూపిస్తారు. ప్రదర్శనలు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. బడిలో కన్నడం చదివే మన పిల్లలకు కన్నడ ప్రదర్శన చక్కగా అర్థమవుతుంది. బయట తోటలో చేతితో ఆడించి చూసే విజ్ఞాన పరికరాలున్నాయి. సోమవారం సెలవు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నిజమైన పెద్ద దూరదర్శినిని చూడాలంటే తమిళనాడులోని కావలూరుకు పోవాలి. వాణియంబాడి మీదుగా జవ్వాదు కొండలలో ఉంది. హోసూరు, కృష్ణగిరివారికి ఇది దగ్గరి దారి. అక్కడి వేధశాలకు వేణు బాప్పు పేరు పెట్టారు. ఆయన 1927లో పుట్టారు. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. బాప్పు చదువు నిజాం కాలేజీలో సాగింది. చిన్నప్పుడు ఆ వేధశాల ఆవరణలోనే నక్షత్రాలతో చెలిమి కుదిరిందన్నమాట. 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల దూరదర్శిని అక్కడ ఉంది. ఆ కొలత దాని అద్దం వెడల్పుది. అద్దం ఎంత వెడల్పయితే అంత వెలుతురును పోగుచేస్తుంది. వానకు పెద్ద బాన పెట్టినట్టు. శనివారాలు సందర్శకులను అనుమతించే ఆనవాయితీ ఉంది. బయలుదేరే ముందు ఫోను చేసి కనుక్కోవడం మంచిది.

పగటిపూట నగరంలో చూడదగినవి ఇంకా ఉన్నాయి. కబ్బన్ పార్కు పక్కన కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య పారిశ్రామిక సాంకేతిక మ్యూజియం ఉంది. దీన్ని 1962 జులై 14న నెహ్రూగారు ప్రారంభించారు. 1965లో విద్యుత్తు విభాగంతో ప్రజలకు తెరిచారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మనవారని చెప్పుకోవడానికి కారణముంది. ఆయన ఇంటిపేరైన మోక్షగుండం గిద్దలూరు దగ్గరి ఊరు. పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తాక, మళ్ళీ అలాంటి ఆపద రాకుండా పథకం గీసి ఇచ్చింది ఆయనే. ఆ మ్యూజియంలో రైట్ సోదరుల విమానానికి అసలు కొలతలతో చేసిన నమూనా ఉంది. మీటలు లాగి, చక్రాలు తిప్పి చూసే యంత్రాలు చాలా ఉన్నాయి. ఇక్కడ "ముట్టుకోవద్దు" అన్న మాట తక్కువ. పిల్లలకు ఇంతకంటె ఏం కావాలి?

విమానాల మీద మోజు ఉన్నవారికి హెచ్.ఎ.ఎల్. వారి మ్యూజియం ఉంది. 2001లో తెరిచారు. హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ అన్న పేరుతో ఆ సంస్థ పుట్టింది 1940లో. మన దేశంలో తయారైన మారుత్ యుద్ధవిమానం 1961లో తొలిసారి ఎగిరింది. దాన్ని అక్కడ దగ్గరగా నిలబడి చూడవచ్చు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ సంస్థ వారి మెదడు మ్యూజియంలో నిజమైన మానవ మెదళ్ళు భద్రపరచి ఉన్నాయి. దాన్ని కొన్ని రోజులలోనే చూపిస్తారు, కాబట్టి ముందుగా విచారించాలి. డాక్టరు కావాలనుకునే హైస్కూలు పిల్లలకు అది తప్పక చూపించవలసిన చోటు. 2024 జనవరిలో బళ్ళారి రోడ్డులో సైన్స్ గ్యాలరీ అనే కొత్త కేంద్రం తెరిచారు. ప్రవేశం ఉచితం.

జనవరి వచ్చింది. సంక్రాంతినాటి సాయంత్రం గవిపురంలోని గవి గంగాధరేశ్వర గుహాలయం దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. అస్తమించబోయే సూర్యుడి కిరణాలు నంది కొమ్ముల మధ్యగా వచ్చి లోపల లింగం మీద పడతాయి. భక్తులకు అది దర్శనం. ప్రశ్న వేసేవారికి అందులో ఒక లెక్క కూడా ఉంది. రెండింటికీ తగాదా ఏమీ లేదు.

ఆ లెక్క ఇది. సూర్యుడు రోజూ ఒకే చోట అస్తమించడు. డిసెంబరు 21, 22 తేదీల దాకా దక్షిణానికి జరుగుతూ పోయి, అక్కడి నుంచి ఉత్తరానికి మళ్ళుతాడు. పోయిన దారినే తిరిగి వస్తాడు కనుక, మధ్యలోని ప్రతి చోటునూ ఏడాదికి రెండుసార్లు దాటుతాడు. సంక్రాంతి జనవరి 14 అనుకుంటే, డిసెంబరు 21 తరువాత 24 రోజులు. మరి డిసెంబరు 21కి 24 రోజుల ముందు? నవంబరు 27. అంటే ఆ రోజుల్లోనూ కిరణాలు లింగం మీద పడాలి. పడతాయి కూడా. ప్లానెటేరియంలో పనిచేసిన శాస్త్రవేత్త బి.ఎస్. శైలజగారు, సహచరులు దీన్ని పరిశీలించి 2008లో ప్రచురించారు. పద్ధెనిమిదో శతాబ్దం చివర డానియెల్ అనే ఇంగ్లీషు చిత్రకారులు గీసిన ఆలయ చిత్రాలను కూడా వారు పరిశీలించి, ఆనాటికీ ఈనాటికీ కట్టడాలలో వచ్చిన మార్పును గమనించారు. పండుగరోజు తోపులాట వద్దనుకునేవారు నవంబరు చివరివారంలో పోతే ప్రశాంతంగా చూడవచ్చు.

మరొక ప్రశ్న కూడా వస్తుంది. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీలలో అయితే, ఉత్తరాయణ పుణ్యకాలం అని జనవరి మధ్యలో ఎందుకు చేసుకుంటాం? భూమి తన ఇరుసు మీద బొంగరంలా మెల్లగా తలాడిస్తుంది. అందువల్ల నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ దాదాపు 70 ఏళ్ళకు ఒక రోజు తేడా పడుతుంది. సుమారు 1700 ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజున వచ్చేవి. తేడా పెరుగుతూ ఇప్పుడు 24 రోజులయింది. పెద్దలు తప్పు చెప్పలేదు, ఆకాశం నెమ్మదిగా జరిగింది, అంతే. దీన్ని మీ పిల్లలు ఇంటి దగ్గరే పరీక్షించవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారానికొకసారి మిద్దె మీద ఒకే చోట నిలబడి, పొద్దు ఏ చెట్టు వెనక, ఏ గుట్ట వెనక గూకిందో నోటుపుస్తకంలో గీసుకోమనండి. పైసా ఖర్చు లేదు.

జనవరి చివర గణతంత్ర దినం ముందు లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన జరుగుతుంది. 1760లో హైదరాలీ మొదలుపెట్టిన తోట అది. 1889లో పునాది పడిన గాజు భవనంలో పూలతో రకరకాల ఆకారాలు కడతారు. అందరూ పూలు చూసి వెళ్ళిపోతారు. మీరు మాత్రం కెంపేగౌడ గోపురం నిలిచిన ఆ బండ ఎక్కండి. మీ కాళ్ళ కింద ఉన్నది ఇంచుమించు 300 కోట్ల ఏళ్ళ నాటి శిల. భూమి వయసు 454 కోట్ల ఏళ్ళు అంటారు. అంటే భూమి ఆయుష్షులో మూడింట రెండు వంతుల కాలం చూసిన బండ అది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది.

కోలారువారు ఒక్క మాట వినాలి. అలాంటి గుర్తింపే మన బంగారు గనుల దగ్గర పెద్దపల్లిలోని శిలలకూ ఉంది. ఒకనాడు నీటి అడుగున పొంగిన లావా దిండ్లలా గడ్డకట్టిన రాళ్ళవి. ఆ గనుల్లోతులలోనే 1965లో శాస్త్రజ్ఞులు, ఆకాశం నుంచి వచ్చి భూమినే దూసుకుపోయే న్యూట్రినో అనే అతిసూక్ష్మ కణాల జాడ పట్టారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ గనుల్లో తాతలు పనిచేసిన ఇళ్ళు మన శ్రోతలలో ఎన్నో ఉన్నాయి. ప్రపంచం మెచ్చిన ప్రయోగం తాము దిగిన గనిలోనే జరిగిందని మనవళ్ళకు ఎంతమంది చెప్పారు?

ఇక ఫిబ్రవరి. 28వ తేదీ జాతీయ విజ్ఞాన దినం. 1928లో అదే రోజున కలకత్తాలో సి.వి. రామన్‌గారు తన పేరున నిలిచిన కాంతి ప్రభావాన్ని కనుగొన్నారు. 1933లో ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు వచ్చారు. బెంగుళూరువారు టాటా ఇన్‌స్టిట్యూట్ అనే ఆ సంస్థ 1909లో పుట్టింది. ఏటా ఫిబ్రవరి చివరనో మార్చి మొదట్లోనో ఒక శనివారం అది తన తలుపులు అందరికీ తెరుస్తుంది. ప్రయోగశాలల్లోకి ఎవరైనా వెళ్ళవచ్చు. టికెట్టు లేదు. పరిశోధక విద్యార్థులు తమ పరికరాల పక్కన నిలబడి వివరిస్తారు. 2025లో అది మార్చి 1న జరిగింది. ఏడాదికి ఒక్క ప్రయాణమే చేయగలం అనుకునేవారు ఈ రోజునే ఎంచుకోండి. ఇంకా రెండేళ్ళకోసారి ఫిబ్రవరిలో యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరుగుతుంది. 1996లో మొదలైంది. 2025లో జరిగినది పదిహేనవది.

వస్తువులు తయారుచేసే చేతులున్నవారు ఎస్.పి. రోడ్డు చూడాలి. చిన్న మోటార్లు, దీపాలు, తీగలు, రేడియో విడిభాగాలు చిల్లరగా దొరుకుతాయి. సైన్సు ప్రదర్శనకు నమూనా చేసే పిల్లలకు అది బంగారు గని. అక్కడికి దగ్గరలోనే అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలు బేరమాడి కొనవచ్చు. జ్ఞాపకశక్తి మెండుగా ఉన్నవారికి 1983 నుంచి కర్ణాటక క్విజ్ అసోసియేషన్ పోటీలు నడుపుతోంది. అందరికీ తెరిచిన పోటీలూ ఉంటాయి. వినడానికి పోయినా లాభమే.

ఇంతవరకు చెప్పినవన్నీ ఎక్కడ ఏమున్నదీ అన్న వివరాలు. ఒక ఉపాధ్యాయుడిగా అసలు చెప్పదలచుకున్నది వేరే ఉంది. ఆరో తరగతిలో పాఠం చెబుతుంటే పది చేతులు లేస్తాయి. "ఎందుకు సార్?" అంటారు. ఎనిమిదిలో నాలుగు లేస్తాయి. పదో తరగతికి వచ్చేసరికి ఎవరూ చెయ్యెత్తరు. తెలివి తగ్గిందా? లేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో, పైన ఇంగ్లీషు. ఏ భాషలో అడిగితే ఎవరు నవ్వుతారో అన్న భయం. ఒకసారి ఆ భయం కుదురుకుంటే ప్రశ్న నోటి దాకా వచ్చి వెనక్కి పోతుంది. తరువాత రావడమే మానేస్తుంది.

ఇలాంటి చోట్లకు తీసుకుపోతే ఆ ముడి వదులవుతుంది. యంత్రం ముందు నిలబడ్డ పిల్లవాడు వ్యాకరణం చూసుకోడు, నోటికి వచ్చిన భాషలో అడిగేస్తాడు. నగరంలో తెలుగు అర్థమయ్యేవారు తక్కువేమీ లేరు. కన్నడంలో అడిగితే ఇంకా ఆదరంగా చెబుతారు. మూడు భాషలు రావడం మన పిల్లలకు బరువు కాదు, బలం. పిల్లలకోడి, కృత్తిక, ప్లీయడీస్ మూడూ ఒకటేనని తెలిసినవాడు ఒక్క పేరే తెలిసినవాడి కంటె ఎక్కువ తెలిసినవాడు.

ఆడపిల్లల విషయం కూడా చెప్పాలి. తమ్ముణ్ణి పంపి అక్కను ఇంట్లో ఉంచడం చాలా ఇళ్ళలో చూస్తున్నాం. రాత్రవుతుందనే భయం ఉంటే నాలుగు కుటుంబాలు కలిసి బయలుదేరండి. ఇద్దరు తల్లులు వెంట ఉంటే చాలు. తెల్లవారు బస్సుకు పోయి, పొద్దుగూకే వేళకు బస్టాండు చేరేట్టు చూసుకోండి.

కొన్ని చిన్న జాగ్రత్తలు. ఒక రోజుకు ఒకటి రెండు చోట్లకంటె పెట్టుకోవద్దు. పరుగులు తీస్తే పిల్లలకు గుర్తుండేది అలసటే. తేదీలు, వేళలు ఏటా మారతాయి కనుక ముందు విచారించండి. ఉదయం చలికి స్వెట్టరు, మధ్యాహ్నం ఎండకు నీళ్ళ సీసా ఉండాలి. పులిహోర కట్టుకుపోతే ఖర్చు సగం తగ్గుతుంది. పిల్లవాడి చేతికి చిన్న నోటుపుస్తకం ఇచ్చి, చూసినవి కాకుండా, అర్థం కానివి మూడు రాసుకోమనండి. తిరుగుదారిలో బస్సులో ఆ మూడింటి గురించి మాట్లాడుకోండి. మీకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి. "మీ సారును అడుగు" అనండి. మేము ఉన్నది అందుకే.

ఈ చలికాలం మీ ఇంట్లో ఎవరైనా "ఎందుకు?" అని అడిగితే, నవ్వి ఊరుకోకుండా బస్సు వేళ కనుక్కోండి.